శిల్పమున కొప్పు, రంగమున జడ

తెలుగువారి పలుకుబడులలో జుట్టునకు సంబంధించినవి పెక్కు గలవు. ఒకడు మరియొకనికి లోబడి యున్నాడని చెప్పవలసినప్పుడు "వాని జుట్టు వీని చేతిలో నున్నది" అందుము. ఇరువురు కలహించినచో "సిగపట్లకు దిగిరి" అందుము. కలిగినవా రేమి చేసినను చెల్లునని చెప్పుటకు "కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే" అను సామెత యుండనే యున్నది. ఇంటింటను వినబడు ఈ మాటల వెనుక ఎంత చరిత్ర దాగి యున్నదో మనము సాధారణముగా ఆలోచింపము. కంటిని గాని ముక్కును గాని మనుష్యుడు తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనలేడు. జుట్టు అట్టిది కాదు. దానిని ముడువవచ్చును, అల్లవచ్చును, విరియబోసికొనవచ్చును, కత్తిరింపవచ్చును, మొదలంట గొరిగింపవచ్చును. మరల అది తనంత తానే పెరుగును. కాబట్టియే ఒక వ్యక్తి యెవరు, ఏ స్థితిలో నున్నారు, ఎవరికి చెందినవారు అను విషయములను ప్రతి సమాజమును ఆ వ్యక్తి తలమీదనే వ్రాయుచు వచ్చినది. ఆ వ్రాతను చదువనేర్చిన వారిలో మొదట చెప్పదగినవారు శిల్పులు, చిత్రకారులు, నటులు.

ఆంధ్రదేశపు కళలలో కేశమునకు గల స్థానమును గూర్చి ఇచ్చట కొంత ముచ్చటింప దలచితిమి. కేశాలంకారముల పేర్లను వరుసగా ఏకరువు పెట్టుట మా ఉద్దేశము కాదు. మన కళలో కేశము ముఖ్యముగా మూడు స్థితులలో కనబడును: ముడిచిన కేశము, విప్పిన కేశము, తీసివేసిన కేశము. ఈ మూడింటిలో ఏది గౌరవమో, ఏది అవమానమో కేవలము జుట్టును చూచి నిర్ణయింపజాలము. ఒకచోట ముండితమైన శిరస్సు దేవతలకు సయితము పూజ్యమైనది. మరియొకచోట అదే ముండనము ఒక బాలిక బ్రతుకును చీకటి చేసినది. భేద మెచ్చట నున్నది? జుట్టు ఎవరి చేతిలో నున్నదను ప్రశ్నలోనే యున్నది. మన పలుకుబడి ఎన్నడో పట్టుకొనిన ఆ ప్రశ్ననే కళాఖండముల ముందు నిలిచి మరల అడిగి చూతము.

మొదట శిల్పికి కేశముతో గల అవసరమును గమనింపవలెను. వ్యక్తుల ముఖముల పోలికలను ఉన్నవి ఉన్నట్లుగా చెక్కుట ప్రాచీన భారతీయ శిల్పులకు ప్రధానము కాదు. రాజైనను, పరిచారకుడైనను, దేవుడైనను ముఖము ఇంచుమించుగా ఒకే ఆదర్శము ననుసరించి యుండును. కావున ఎవ రెవరో తెలుపవలసిన భారము తలకట్టుమీదను, ఆభరణములమీదను, చేతిలోని వస్తువుమీదను పడినది. శిల్పశాస్త్రములు కిరీటమకుటము, జటామకుటము, కరండమకుటము అని తలకట్టులను విభజించినవి. ఎత్తైన కిరీటము విష్ణువును తెలుపును. జటలను పైకి చుట్టి కట్టిన మకుటము శివుని తెలుపును. అట్లే స్త్రీల కేశబంధములకును వేరువేరు పేర్లు ఏర్పడినవి. పూలతోను ముత్యములతోను బిగించిన కొప్పు ధమ్మిల్లము. అల్లిన జడ వేణి. నడినెత్తిని వెండ్రుకలను పాయగా విడదీసిన గీత సీమంతము, అనగా మన పాపట. భర్తను ఎడబాసినది అలంకార మేమియు లేక వేసికొను ఒంటిజడ ఏకవేణి. అశోకవనములోని సీతను వాల్మీకి ఏకవేణీధరగా చూపెను. ఆమె తన జాడను రాముడు నమ్ముటకై హనుమంతునికి ఇచ్చిన ఆనవాలు చూడామణి. అదియు తలలో ధరించు ఆభరణమే. గుర్తింపునకును కేశమునకును గల చుట్టరిక మెంత ప్రాచీనమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఇక కృష్ణాతీరమునకు వత్తము. అమరావతిలోని మహాచైత్యము క్రీస్తుపూర్వపు శతాబ్దులలోనే ఆరంభమై శాతవాహనుల కాలమున పరిపూర్ణవైభవము నొందినది. 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ ఈ శిథిలములను చూచిన తరువాత దీని సంగతి పండిత లోకమునకు తెలిసినది. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు చెన్నపట్టణము చేరి, వానిలో పెక్కు తరువాత లండన్ నగరమునకు తరలిపోయినవి. నేడు అమరావతి శిల్పములను చూడగోరువారు అమరావతిలోని ప్రదర్శనశాలతో పాటు చెన్నై ప్రభుత్వ మ్యూజియమును, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియమును గూడ దర్శింపవలసి యున్నది. ఆ పాలరంగు సున్నపురాతి ఫలకములపై తీరిన స్త్రీమూర్తులను చూడుడు. కొందరు పాపటను నడుమ తీసి, దానిపై ఆభరణమును నుదుటివరకు వ్రేలాడదీసిరి. కొందరు వెనుకకు ముడి వేసిరి. కొందరు జడను వీపుపై విడిచిరి. పురుషుల తలలపై మెలికలు తిరిగిన తలపాగలు, వానిపై నుదుటి కెదురుగా బొడిపెవలె నిలిచిన ముడులు గలవు. శ్రీ సి. శివరామమూర్తి 1942లో ప్రకటించిన గ్రంథములో ఈ శిల్పములలోని వస్త్రములను, ఆభరణములను, కేశబంధములను సంస్కృత, ప్రాకృత కావ్యములలోని పేర్లతో సరిపోల్చి చూపిరి. తెలంగాణములోని కొండాపురమున త్రవ్వకములలో లభించిన మట్టిబొమ్మల తలలయందును ఈ కేశరచనా శ్రద్ధయే కనబడును. వ్రేలంత మట్టి తలమీద గూడ కొప్పు చక్కగా తీరవలెనని ఆ కుంభకారుడు పట్టుబట్టెను. కొప్పు లేనిదే ఆ బొమ్మ ఎవరిదో తనవారికి తెలియదని అతడెరుగును.

ఇట్లు ముడిచిన కేశములతో నిండిన ఆ శిల్పప్రపంచమున నడుమ ఒక మహాపురుషుడు తన జుట్టును తానే కోసికొనుచున్నాడు. కపిలవస్తువును విడిచి కంథక మను గుఱ్ఱముపై బయలువెడలిన సిద్ధార్థుడు అనోమానదిని దాటి, సారథియైన ఛన్నుని చేతికి ఆభరణములను ఒప్పగించి, కుడిచేత ఖడ్గమును, ఎడమచేత జుట్టును పట్టి ఒక్క వ్రేటున ఖండించెనని పాలీ నిదానకథ చెప్పుచున్నది. రాచకొమరునికి ఆనాడు తలపాగయు, దానిలో ముడిచిన కేశములును అధికారచిహ్నములు. ఖండించిన ఆ శిఖను సిద్ధార్థు డాకాశమునకు ఎగురవేయగా ఇంద్రుడు దానిని రత్నకరండమున పట్టి దేవలోకమున ప్రతిష్ఠించెనట! మధ్యభారతములోని భార్హుత్ స్తూపమునకు చెందిన ఒక స్తంభముపై, దేవసభలో జరుగుచున్న ఈ చూడామహోత్సవము, దాని పేరును తెలుపు శాసనాక్షరములతో సహా చెక్కబడి యున్నది. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు ఈ ఘట్ట మెంతయో ప్రీతిపాత్రము. తట్టలో పెట్టిన తలపాగను దేవతలు తలకెత్తుకొని ఆనందనృత్యముతో గొనిపోవుచున్న దృశ్యమును వా రనేక పర్యాయములు చెక్కిరి.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. రాజ్యము నేలువాని శిరస్సుపై నున్నంతవరకు ఆ తలపాగను ఏ దేవతయు పూజింపలేదు. అతడు తన యిష్టముచే తీసివేసిన పిమ్మటనే అది పూజార్హమైనది. తొలినాటి శిల్పులు బుద్ధుని మానవరూపమున చూపక పాదముద్రలతో, ధర్మచక్రముతో, బోధివృక్షముతో సూచించిరి. తరువాత రూపమును చెక్కవలసి వచ్చినప్పుడు, కోసిన జుట్టు నెట్లు చూపవలెనను చిక్కు కలిగినది. గాంధార శిల్పి అలలుగా తీరిన కేశములను నడినెత్తిని ముడివేసెను. ఆంధ్రశిల్పి నత్తగుల్లలవలె కుడివైపునకు తిరిగిన చిన్నచిన్న ఉంగరములను తలనిండ పరచెను. ఖండించిన పిమ్మట ఆ కేశములు రెండంగుళముల మేర మిగిలి, దక్షిణావర్తముగా చుట్టుకొని, జీవితాంతమువరకు మరల పెరుగలేదని నిదానకథలో గలదు. అనగా బుద్ధప్రతిమ తలపై మనము చూచు ప్రతి యుంగరమును ఆ ఖడ్గపు వ్రేటునకు జ్ఞాపకచిహ్నమే. 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన త్రవ్వకములలో వెలువడిన శిల్పములను, లోయ నీట మునుగక పూర్వమే తరలించి, కొండపై ప్రదర్శనశాలలో భద్రపరచిరి. సాగర జలములపై పడవలో పోయి ఆ ద్వీపమును చూచువారు ఈ సంగతిని మనసున నుంచుకొనిన బాగుండును.

తీసివేసిన కేశమునకు బుద్ధుడెట్లో, పెంచిన కేశమునకు శివు డట్లు. తపస్వి జుట్టును దువ్వడు, నూనె రాయడు, ముడి చక్కదిద్దుకొనడు; అది జటలు కట్టును. లోకపు అందచందములతో తనకు పనిలేదని చెప్పుటకు అదియొక మార్గము. అయితే మన శిల్పులు ఆ జటలలో నిస్పృహను మాత్రమే చూడలేదు; శక్తిని గూడ చూచిరి. ఆకాశము నుండి దుముకు గంగను ఆపగలిగినది శివుని జటయే. చోళుల కాలపు నటరాజ విగ్రహములలో నర్తన వేగమునకు జటలు విడివడి ఇరుప్రక్కల విసనకఱ్ఱవలె పరచుకొనును. ఆ జటల నడుమ గంగ చేతులు జోడించి యుండును. దక్షయజ్ఞమున సతి దేహత్యాగము చేసినదని వినిన రుద్రుడు తన జటను పెరికి నేలపై కొట్టగా దానినుండి వీరభద్రుడు ఉద్భవించెనని భాగవతము చెప్పుచున్నది. ఆ వీరభద్రునికే లేపాక్షిలో మహాదేవాలయము గలదు. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ దానిని నిర్మింపజేసెను. ఒక వెండ్రుకపాయ నుండి పుట్టిన దేవునికి వెలసిన కోవెల యది.

అదే లేపాక్షి కప్పుమీది వర్ణచిత్రములలో సభామర్యాద యేమో కనబడును. పురుషులు కుళ్లాయి యను పొడవైన టోపీలను ధరించి యున్నారు. వారి జుట్టు మన కంటబడదు. స్త్రీలు మాత్రము నున్నగా దువ్వి వెనుకకు తీర్చిన కొప్పులతో, చీరల అంచులతో పోటీపడు పూలతో నిలిచి యున్నారు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు తన దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహములందును రాయల తలపై కుళ్లాయియే గలదు. కాకతీయ గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. దాని చూరు క్రింద ఆనుకొని నిలిచిన నల్లరాతి మదనికల కొప్పులను శిల్పి ఎంత నునుపుగా తీర్చెనో చూచినవారే యెరుగుదురు. ముడిచిన కేశము ఇచ్చట శాంతికి, సంపదకు, ఇంటను కొలువునను అన్నియు చక్కగా నున్నవను భరోసాకు చిహ్నము. పురుషుని గౌరవము తలపాగలో నున్నట్లు, స్త్రీ గౌరవము కొప్పులో నున్నదని ఆ కాలము నమ్మెను.

ఆ నమ్మిక యుండుటవలననే కొప్పు వీడుట యనునది అంత ఘోరముగా తోచినది. భారతకథలో ద్రౌపది కేశములు సామాన్యములు కావు. రాజసూయాంతమున అవభృథ స్నానమునందు మంత్రపూతములైన జలములతో తడిసిన కేశములవి. దుశ్శాసనుడు ఆ కేశములనే పట్టి ఆమెను నిండుసభకు ఈడ్చెను. సభలోని పెద్దలు తలలు వంచుకొనిరి. ఏండ్లు గడచిన తరువాత శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరబోవుచుండగా, సంధి మాటలు విని విసిగిన ద్రౌపది తన కేశపాశమును చేతబట్టి ఆయనకు చూపెను. ఉద్యోగపర్వములోని ఈ ఘట్టము తిక్కన చేతిలో పడి తెలుగువారి కెల్లరకును సుపరిచిత మైనది. సంస్కృతమున భట్టనారాయణుడు వేణీసంహారమను నాటకమును వ్రాసి, దుర్యోధనుని నెత్తుట తడిసిన చేతులతో ఆ వేణిని ముడుతునని భీముని నోట పలికించెను. జడ ముడి వేయుటయే నాటకమునకు పేరును, ఫలమును అయినది. తమిళదేశపు ద్రౌపదమ్మ ఉత్సవములలో ఈ కేశబంధము భక్తులు కన్నులార చూచు ఘట్టము. మన చిత్తూరు సీమలో ధర్మరాజుల ఆలయములయొద్ద భారత మహోత్సవములు జరుగును. వాని చివర బ్రహ్మాండమైన మట్టి దుర్యోధనుని నేలపై పరచి దుర్యోధన వధ జరుపుదురు.

ద్రౌపది విప్పిన జుట్టును శోకమని మాత్రమే అనుకొనరాదు. ఆమె కొప్పును ఊడలాగినది పరుని చేయి. దానిని మరల ముడిచికొని, ఏమియు జరుగనట్లు లోపలికి పోవలెనని లోకము ఆశించును. ఆమె అట్లు చేయలేదు. అవమానము ఎట్లు జరిగినదో అట్లే అందరికిని కనబడునట్లు జుట్టును నిలిపి యుంచినది. అంతటితో ఆ జుట్టు దుశ్శాసనుని చేతినుండి మరల ఆమె చేతిలోనికి వచ్చినది. రంగముపై ద్రౌపది పాత్రధారి కురులు విరియబోసికొని ప్రవేశించినంతనే, ఒక్క మాటయు వినకముందే, ప్రేక్షకులకు కథ యంతయు బోధపడుటకు కారణమిదియే.

కాని జుట్టు తన చేతిలోనికి ఎన్నడును రాని స్త్రీ ఒకతె మన చరిత్రలో గలదు. బాల్యముననే పెండ్లియై, భర్త ముఖము సరిగా ఎరుగక ముందే వితంతువై, కొన్ని అగ్రవర్ణ కుటుంబములలో బలవంతముగా శిరోముండనము చేయబడిన బాలిక ఆమె. సిద్ధార్థుని తల గొరిగిన కత్తియే ఆమె తలమీదను ఆడినది. కాని పట్టినది తన చేయి కాదు, అడిగినవారును లేరు. ఆ పిమ్మట ప్రతి మాసమును ఆ కత్తి మరల మరల వచ్చుచుండెడిది. మన గుడి గోడలపై వేలకొలది స్త్రీమూర్తులు గలవు. నర్తకియున్నది, అద్దము చూచుకొనుచు కొప్పు తీర్చుకొను ముద్దరాలున్నది. ఈ బాలిక మాత్రము శిల్పి కంటబడుట అరుదు. ఇంటి లోపలి గదిలో ఎవరికిని కనబడకుండ నుండవలెనని ఆమెను ఎట్లు శాసించిరో కళయు నట్లే ఆమెను మరుగుపరచినది. ఆమెను వెలుగులోనికి తెచ్చిన పని శిల్పమునకు గాక సాహిత్యమునకు, సంస్కరణమునకు దక్కినది. 1856లో వితంతు పునర్వివాహ శాసనము వచ్చినను, తెలుగుదేశమున దానికి ప్రాణము పోసినవారు కందుకూరి వీరేశలింగము పంతులు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతు వివాహమును జరిపించిరి. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పెంపొంది వెలువడిన గురజాడ వారి కన్యాశుల్కములో బుచ్చమ్మ, మీనాక్షి రంగముపైకి వచ్చి ప్రేక్షకుల యెదుట నిలిచిరి. కళ అంతకాలము చూడని ముఖములను చూచినది.

ఇట్టి సమాజములోనే, దాదాపు ఆ కాలమునకు ముందే, ఒక స్త్రీపాత్ర తన జడను ఆయుధముగా చేసికొని తెరవెనుకనుండి సవాలు విసరినదనిన ఆశ్చర్యము కలుగును. ఆ పాత్ర కూచిపూడి భామాకలాపములోని సత్యభామ. సిద్ధేంద్రయోగి రచనయని పరంపరగా చెప్పబడు ఈ కలాపమున సత్యభామ ప్రవేశము లోకప్రసిద్ధము. ఇరువురు తెర పట్టుదురు. పాత్ర ఇంకను కనబడదు. తెరమీదుగా పొడవైన జడ ఒకటి వచ్చి ప్రేక్షకుల వైపు వ్రేలాడును. ఆ జడపై తలభాగమున పాముపడగయు, సూర్యచంద్రుల బిళ్లలును, క్రిందకు వచ్చుకొలది పువ్వుల తీరు బంగారుబిళ్లలును, చివర జడకుప్పెలును గలవు. సూర్యచంద్రులు దివారాత్రములకు గుర్తులనియు, జడయంతయు లోకమునకు ప్రతీకమనియు పెద్దలు చెప్పుదురు. విద్యలో తన్ను ఓడింపగలవారు సభలో నున్నచో ఈ జడను కోసివేయవచ్చునని ఆ జడవ్రేత యొక్క భావము.

ఈ పందెమును జాగ్రత్తగా ఆలోచించినచో మనము చెప్పుచు వచ్చిన కథయంతయు ఇందు ఇమిడియున్నది. వెనుకటి కాలమున ఆ వేషము కట్టినవారు కూచిపూడి భాగవతుల కుటుంబములలోని పురుషులు. ఆ జడయు వారిది కాదు, సవరముతో అల్లినది. అయినను దానిపై ఒడ్డినది అసలైన వస్తువే: ఏండ్ల తరబడి సాధించిన అభినయము, తాళజ్ఞానము, శాస్త్రపాండిత్యము. జడ పోయినచో పోవునది వెండ్రుకలు గావు, విద్వాంసుడను పేరు. సత్యభామ పాత్రకు సాటిలేని వాడని కీర్తి గడించిన వేదాంతం సత్యనారాయణశర్మ గారి (1935–2012) నడక, ఓరచూపు, ముఖ్యముగా జడను ముందునకు తెచ్చి చేతబట్టిన తీరు చూచినవారు మరువలేరు. గత శతాబ్దిలో స్త్రీలును ఈ కళలో ప్రవేశించి, ఆ పాత్రను తామే ధరింపసాగిరి. తమ జడను తామే పందెముగా పెట్టు హక్కు వారికి ఆ విధముగా దక్కినది. ఒక బాలికకు అడుగక తీసిన జుట్టును, మరియొక స్త్రీపాత్ర "చేతనైనచో తీయుడు" అని సభ యెదుట వ్రేలాడదీసిన జడను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు గదా మన సంస్కృతి యొక్క రెండు ముఖములును కనబడును!

పురుషుల జుట్టు కథ అంత గంభీరము కాకున్నను తక్కువ దేమియు కాదు. తోలుబొమ్మలాటలో నవ్వించు పాత్రకు జుట్టుపోలిగాడని పేరు. అతని ప్రక్కన బంగారక్క, కేతిగాడు. నెత్తిమీది పిలకనుబట్టియే పేరు వచ్చిన వాడతడు. దీపము వెనుక ఆడు ఆ తోలుబొమ్మకు పిలక ఊగినచాలు, పిల్లలు గొల్లున నవ్వుదురు. నిజజీవితములో పిలక నవ్వులాట కాదు. ఇంగ్లీషు చదువుల కాలమున ఒక యువకుడు శిఖ తీసి క్రాపు పెట్టించుకొని ఇంటికి వచ్చెననిన పెక్కు అగ్రహారములలో పెద్ద గలభా యయ్యెడిది. తండ్రికి అది ఆచారభ్రష్టత. కొడుకునకు అది క్రొత్తకాలపు ప్రవేశపత్రము. ఇరువురును ఒకే జుట్టును చూచి వేరువేరు సంగతులు చదివిరి. బోడితలను, జడలను రెంటిని చూచి నవ్విన వేమన మాత్రము లోపలి మనసును చూడుమని ఎన్నడో చెప్పి యుండెను.

ఈ కాలపు చిత్రకళలోనికి వచ్చిన వడ్డాది పాపయ్య గారు (1921–1992), బాపు గారు (1933–2014) తెలుగు ఆడపడుచును జడతోనే లోకమునకు పరిచయము చేసిరి. నడుము దాటి వ్రేలాడు వాలుజడ, అందులో ఒదిగిన మల్లెలు: ఇవి బాపుబొమ్మకు సంతకమువంటివి. మన పెండ్లిండ్లలో, వేసవి పూటలలో ఆడపిల్లలకు కుట్టు పూలజడలకును ఒక చిత్రకళ తోడ్పడినది. ఫోటో స్టూడియోలో పిల్లను నిలిపి, వెనుక అద్దము పెట్టి, ముఖమును పూలజడయు ఒకే పటమున పడునట్లు తీయించుట మన యిండ్లలో చిరకాలపు మురిపెము. ఆ పటములు నేటికిని పెక్కు ఇండ్ల గోడలపై గలవు. అమరావతి శిల్పి రాతిలో ఏమి చేసెనో, ఆ ఫోటోగ్రాఫరు అద్దముతో అదియే చేసెను: వెనుకనున్న జడ కనబడనిదే ఆ పిల్ల పూర్తిగా కనబడినట్లు కాదని ఇరువురును భావించిరి.

అయితే అందమైన జడను చూచి మురియుచు, అది ఎవరి యిష్టమని అడుగుట మరువరాదు. జడ పొడవుగా నున్న బొమ్మ తెలుగుతనమునకు గుర్తైనంతమాత్రమున, జడ కత్తిరించుకొనిన మన యింటి అమ్మాయి తెలుగుతనము కోల్పోయినట్లు కాదు. తిరుమల కొండపై కల్యాణకట్టను చూడుడు. ప్రతిదినమును వేలకొలది స్త్రీపురుషులు తలనీలాలు సమర్పించి, నున్నని తలలతో నవ్వుచు వెలుపలికి వత్తురు. తల్లి తన జుట్టును తాను మ్రొక్కుకొని యిచ్చినది గనుక ఆ బోడితలలో ఆమెకు చిన్నతనము లేదు. ఆమెను చూచినవారికిని లేదు. అదే తలను ఎవరైన పట్టి గొరిగినచో ఊరంతయు అయ్యో యనును. కత్తి ఒక్కటే, తల ఒక్కటే. నడుమనున్న సమ్మతి వేరు.

కావున ఇకమీదట పాఠకు లెప్పుడైన ప్రదర్శనశాలకు గాని, ప్రాచీన దేవాలయమునకు గాని పోయినప్పుడు, శిల్పముల ముఖములకంటె ముందు తలకట్టులను చూడవలెనని మా మనవి. ముడిచియున్నదా, విడియున్నదా, తీసియున్నదా అని గమనించి, ఆపైన ఆ జుట్టు ఎవరి చేతిలో నున్నదని అడుగవలెను. తలపాగను మోయుచున్న దేవతలు ఒక సమాధానము చెప్పుదురు. తెరమీదుగా వచ్చిన సత్యభామ జడ మరియొకటి చెప్పును. గోడపై చోటు దొరకని ఆ బాలవితంతువు మాత్రము మనలనే ప్రశ్నించును. ఆ మూడింటిని విని ఇంటికి వచ్చిన పిమ్మట, ఇంటిలోని పిల్ల "నా జుట్టు నా యిష్టము" అనినప్పుడు వెంటనే కోపింపక, ఆ మాట వెనుక రెండువేల యేండ్ల చరిత్ర గలదని గ్రహించి, ఆమె మాటను ఓపికతో వినగలిగినచో ఈ ముచ్చట వృథా కాదని మేము తలచెదము.